కీటకముల గోత్రనిర్ణయము

పురుగు అనగా నేమి? ప్రశ్న చూచుటకు చిన్నది. ఉత్తరము చెప్పుట కష్టము. మన వాడుకలో చీమ పురుగే, తేలు పురుగే, జెఱ్ఱి పురుగే, వానపామును పురుగే. రాత్రివేళ పామును పేరుపెట్టి పిలువ జంకి దానిని సైతము పురుగనువారు కలరు. ఇన్ని విధముల జీవులను ఒక్క పేరుతో పిలుచు మనకు, వీనిలో నెవ్వరు ఎవ్వరికి చుట్టములో తెలియవలెనన్నచో ఎచ్చట మొదలుపెట్టవలెను? కాళ్లు లెక్కింపవలెనా, రెక్కలు చూడవలెనా, నోరు తెఱచి పరీక్షింపవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో పండితులు రమారమి 2300 సంవత్సరములు గడపిరి. ఆ కథలో కొంత భాగమును నేడు మీకు విన్నవింపదలచితిని.

నేను తర్కశాస్త్రము చదివిన పద్ధతిలో మొదట లక్షణమును గూర్చి ఒక మాట చెప్పెదను. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదువువారికి గురువులు చెప్పు ఉదాహరణము ఆవు. కపిలవర్ణము కలది ఆవు అన్నచో తెల్లని యావు విడిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములు కలది ఆవు అన్నచో గేదెయు వచ్చి చేరును, ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట కలది ఆవు అన్నచో ఏ యావునకును పట్టదు, ఇది అసంభవము. ఈ మూడు దోషములును లేనిదే లక్షణము. కీటకశాస్త్ర చరిత్రను చదువునపుడెల్ల నాకు ఈ యావు జ్ఞప్తికి వచ్చుచుండును. పాశ్చాత్య పండితులు మన తర్కము చదువలేదు. అయినను వారు పడిన చిక్కులన్నియు ఈ మూడింటిలో ఏదో యొక దానిలో ఇముడును.

గ్రీసుదేశమున క్రీ. పూ. 384 మొదలు 322 వరకు జీవించిన అరిస్టాటిల్ ఈ విచారణకు ఆద్యుడు. శరీరమునకు అడ్డముగా నొక్కులు పడిన చిన్న జీవులను ఆయన ఒక తెగగా చేర్చెను. నేడు ఇంగ్లీషువారు వాడు ఇన్సెక్టు అను మాటకు మూలమైన లాటిను పదము గ్రీకు మాటకు అనువాదమే. గంట్లు పడినది అని దాని యర్థము. ఇందులో అతివ్యాప్తి వెంటనే కానవచ్చును. తేలు, జెఱ్ఱి, సాలెపురుగు సైతము నొక్కులు కలవియే గదా! కాని రెక్కల విషయమున ఆయన చూపు మిక్కిలి నిశితమైనది. గట్టి యొరలలో రెక్కలు దాచుకొను పెంకుపురుగులను ఆయన వేఱు పఱచి పెట్టిన పేరు నేటికిని చెల్లుచున్నది. రెండు రెక్కల జీవులకు కుట్టు సాధనము ముందువైపునను, నాలుగు రెక్కల వానికి వెనుకవైపునను ఉండునని గమనించెను. దోమను, కందిరీగను తలంచుకొన్నచో ఈ మాట యెంత సరియైనదో మీకే తెలియును.

మన దేశమున ఈ విభాగము వేఱు త్రోవలో నడచెను. మనుస్మృతి జీవులను పుట్టుకనుబట్టి విభజించి, దోమను, పేనును, ఈగను, నల్లిని స్వేదజములనెను. అనగా చెమటవలన, వేడిమివలన పుట్టునవి. జైనాచార్యుడైన ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున ఇంద్రియముల సంఖ్యనుబట్టి లెక్కించెను. క్రిమికి స్పర్శ, రుచి అను రెండు. చీమకు వాసనతో మూడు. తుమ్మెదకు చూపుతో నాలుగు. చీమకు కన్నులు కలవని నేడు ఎఱుగుదుము గనుక ఆ లెక్క పూర్తిగా నిలువదు. అయినను, పుట్టుకను ఊహించుటకంటె దేహమున కనబడు సాధనములను పట్టుకొని విభజించుట మేలైన మార్గమని నా యభిప్రాయము. మన పూర్వులకు అన్నియు తెలియునని చెప్పుట నాకు రుచింపదు. ఏమియు తెలియదనుటయు రుచింపదు. బురదనుండియు మంచునుండియు పురుగులు పుట్టునని అరిస్టాటిల్ సైతము నమ్మెను. ఈ నమ్మకము ఒక్క దేశపు సొత్తు కాదు.

దానిని కదలించినవాడు ఇటలీలోని ఫ్లారెన్సు నగరమునందలి వైద్యుడు ఫ్రాన్సెస్కో రెడి. 1668లో ప్రకటించిన గ్రంథమున తాను చేసిన పరీక్షను వివరించెను. మాంసమును కొన్ని పాత్రలలో మూత లేక ఉంచెను. కొన్నింటికి సన్నని వలగుడ్డ కట్టెను. మూతలేని వానిలో పురుగులు పడెను. గుడ్డ కట్టినవానిలో గాలి పోయినను పురుగులు పడలేదు. ఈగలు లోనికి పోజాలక గుడ్డమీదనే తిరుగాడెను. కుళ్లు పురుగునకు తల్లి కాదనియు, ఈగయే తల్లియనియు తేలెను. గోత్రము చెప్పవలెనన్నచో ముందు తల్లిదండ్రులు ఉండవలెను గదా! ఆ మాట రెడి తేల్చిన తరువాతనే కీటకములకు వంశము అను ఊహకు తావు కలిగినది.

మఱుసటి సంవత్సరము, 1669లో, హాలండుదేశస్థుడు యాన్ స్వామర్‌డాం ఎదుగుదల రీతినిబట్టి కీటకములను నాలుగు తెగలు చేసెను. గుడ్డునుండి తల్లి రూపముననే వెలువడునవి కొన్ని. మిడుతవలె మెల్లమెల్లగా రెక్కలు తెచ్చుకొనునవి కొన్ని. గొంగళియై, గూడుకట్టి, చిలుకగా మాఱునవి కొన్ని. ఈగవలె తన పాత చర్మములోననే మూతవేసికొని మాఱునవి కొన్ని. గొంగళిపురుగు చర్మమును ఒలిచి, లోపల మడతపడియున్న రెక్కలను ఆయన చూపించెను. తేనెపట్టులోని రాజనబడు ఈగను కోసి చూచి, దానిలో గుడ్లతిత్తిని కనుగొని, అది రాజు కాదు, తల్లియని తేల్చినవాడును ఆయనయే.

తరువాతి మహాపురుషుడు స్వీడను దేశపు లినేయస్. 1758లో వెలువడిన ఆయన గ్రంథపు పదియవ కూర్పున నాలుగువేలకు పైబడిన జంతుజాతులకు రెండేసి మాటల పేర్లు పెట్టెను. మొదటిది వంశమునకు, రెండవది జాతికి. ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత వ్రాసికొను మన తెలుగువారికి ఈ పద్ధతి వింతగా తోపదు. కీటకములకు ఆయన తీసికొన్న ప్రధాన లక్షణము రెక్కలు. గట్టి యొరరెక్కలవి పెంకుపురుగులు. సగము గట్టి, సగము పొరయైన రెక్కలవి నల్లి తెగవి. పొలుసులు చల్లిన రెక్కలవి సీతాకోకచిలుకలు. ఈనెల అల్లికవంటి రెక్కలవి తూనీగలు మొదలగునవి. సన్నని పొరరెక్కలవి తేనెటీగ, కందిరీగ, చీమ. రెండే రెక్కలవి ఈగ, దోమ. ఇవి ఆఱు. ఏడవది రెక్కలు లేనివి.

ఈ యేడవ తెగలోనికి తొంగిచూడుడు. పేను, మిన్నల్లి, సాలెపురుగు, తేలు, పిడుదు, జెఱ్ఱి, రోకలిబండ, ఎండ్రకాయ, రొయ్య అన్నియు అందే కలవు! లేమిని లక్షణముగా పెట్టుకొన్నచో ఇట్టి సంత కూడును. ధనము లేనివారందఱును ఒక గోత్రమువారు కానట్లే, రెక్కలు లేనివన్నియు ఒక వంశము కాజాలవు. అన్నిటికంటె విచిత్రము, మన చెదపురుగును లినేయస్ ఈ తెగలోననే చేర్చుట. తొలకరి వాన వెలిసిన సాయంకాలము పుట్టలనుండి గుంపులు గుంపులుగా లేచి దీపములచుట్టు మూగు ఉసిళ్లను చూడని పల్లెవాడు లేడు. ఆ ఉసిళ్లు చెదపురుగులే. వానికి నాలుగు రెక్కలు కలవు. నేల వ్రాలగానే వానిని రాల్చివేయును. పుట్టలో మనకు కానవచ్చు కూలివాండ్రకు మాత్రము రెక్కలు లేవు. ఒకే యింటిలో రెక్కలవారును, రెక్కలు లేనివారును ఉన్నపుడు ఆ యింటిని ఏ తెగలో చేర్చుదురు?

చెదల కాపురమును దక్షిణదేశమున కూర్చుండి పరిశీలించినవాడు లినేయసుకు శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ క్యోనిగ్. లివోనియా సీమలో 1728లో పుట్టిన ఈ వైద్యుడు 1768లో డేనులవారి వర్తకస్థానమైన తరంగంబాడికి వచ్చెను. పిమ్మట ఆర్కాటు నవాబు కొలువునను, తరువాత చెన్నపట్టణపు కుంఫిణీ కొలువునను ఉండెను. తంజావూరు ప్రాంతపు చెదలను గూర్చి ఆయన జర్మను భాషలో వ్రాసిన వ్యాసము 1779లో వెలువడెను. ఆఫ్రికా చెదలను గూర్చి స్మెత్‌మన్ అను నాంగ్లేయుడు వ్రాసిన ప్రసిద్ధ వ్యాసము దానికి రెండేండ్ల తరువాతిది. క్యోనిగ్ 1785 జూనులో కలకత్తాకు పోవుచు దారిలో రక్తగ్రహణి పట్టి, మన కాకినాడ జగన్నాథపురమున కాలము చేసెను. సమీపమున సామర్లకోటలోనున్న వైద్యుడు విలియం రాక్స్‌బరో వచ్చి చికిత్స చేసినను ఫలింపలేదు. కాకినాడ ప్రజలలో ఈ సంగతి ఎఱిగినవారు ఎందఱుందురో!

క్యోనిగు మొదలగువారు తరంగంబాడినుండి పంపిన కీటకములు ఐరోపాలో ఫాబ్రిషియస్ చేతికి చేరెను. ఈయన డెన్మార్కు దేశస్థుడు, ఈయనయు లినేయసు శిష్యుడే. గురువు రెక్కలను చూడగా శిష్యుడు నోటిని చూచెను. 1775లో ప్రకటించిన గ్రంథమున, తినుట యొక్కటే రీతియైనవి దగ్గఱి చుట్టములగునని చెప్పి, కొఱుకు దవడలు, పీల్చు ముక్కు, చుట్టుకొను గొట్టము మొదలగు సాధనములనుబట్టి కీటకములను విభజించెను. జీవితకాలమున పదివేలకు చేరువ జాతులకు పేర్లు పెట్టెను. పండిన ప్రత్తికాయలపై ఎఱ్ఱగా గుంపుకట్టి, గింజల రసము పీల్చి దూదికి మచ్చ తెచ్చు పురుగును మీరెఱుగుదురు. దానికి ఆ 1775లోనే ఫాబ్రిషియస్ పెట్టిన జాతినామము కోనిగై, అనగా క్యోనిగునకు చెందినది. కాకినాడలో కన్నుమూసిన వైద్యుని పేరు మన ప్రత్తిచేలలో నేటికిని ప్రాకుచున్నది.

నోటిని చూచుట పండితుల వినోదము కాదు, రైతుకు ప్రాణాధారము. ఆకును కొఱికి తిను పురుగు ఆకుమీద పడిన విషమును ఆకుతోపాటు మ్రింగును. ముక్కు గ్రుచ్చి లోపలి రసము పీల్చు పురుగు ఆకుపైనున్న విషమును మ్రింగదు. దానికి మేనికి తగులు మందుగాని, మొక్క రసములోనికి ప్రవేశించు మందుగాని కావలెను. మన వాడుక పేర్లు ఈ భేదమును తెలుపవు. వరిదుబ్బుల మొదట చేరి రసము పీల్చి, చేను సుళ్లు సుళ్లుగా ఎండజేయు జీవిని సుడిదోమ యందుము. ప్రత్తిలోని తెల్లదోమయు నట్టిదే. ఇవి దోమలు కావు. రెండు రెక్కల వంశమువి కావు. నాలుగు రెక్కలతో, గ్రుచ్చు ముక్కుతో నల్లివంశమునకు చెందినవి. పేనుబంక పేను కాదు. ఎఱ్ఱనల్లి యను పేరు ఇంకను చిక్కు పెట్టును. ప్రత్తిపైని ఆ ఆఱుకాళ్ల పురుగును కొన్నిచోట్ల ఎఱ్ఱనల్లి యందురు. బెండ మొదలగు వాని యాకుల అడుగున సన్నని గూళ్లు కట్టు, కంటికి ఆననంత చిన్న జీవియు ఎఱ్ఱనల్లియే. రెండవదానికి ఎనిమిది కాళ్లు. అది సాలెపురుగునకు జ్ఞాతి. కీటకములను చంపు మందులు పెక్కు దానిపై పనిచేయవు; పైగా దానిని తిని బ్రతుకు మేలుపురుగులు చచ్చుటవలన అది మఱింత పెచ్చు పెరుగును. అట్లే వరిచేనిలో సుడిదోమను వేటాడి తిను సాలెపురుగులను పురుగులేయని తలచి మందుతో చంపుకొనువారు తమ కావలివానిని తామే తఱిమినవారగుదురు. 1914లో మదరాసు ప్రభుత్వమువారు ప్రకటించిన ఫ్లెచరు గ్రంథమునకు దక్షిణహిందూదేశపు కీటకములు మాత్రమే గాక ఇతర జంతువులును అని శీర్షికయందే చేర్చిరి. శాస్త్రజ్ఞుడు శీర్షికలోనే జాగ్రత్తపడెను.

సామర్లకోటలోని రాక్స్‌బరో మాట యొకటి మిగిలినది. ఆయన కొండలనుండి తెప్పించిన పచ్చి లక్కకొమ్మలను గాజుపాత్రలలో నుంచగా, కొలది దినములలో వేలకొలది ఎఱ్ఱని సూక్ష్మజీవులు వెలువడి ప్రాకసాగెను. వాని వృత్తాంతము 1791లో లండను రాయల్ సొసైటీవారి పత్రికలో అచ్చుపడెను. పాండవుల లక్కయింటి కథ వినని తెలుగువాడు లేడు. లక్కగాజులు తొడుగని పల్లె లేదు. కాని లక్కను చేయు పురుగును కన్నులార చూచినవారు తక్కువ. ఎదిగిన యాడుపురుగునకు రెక్కలు లేవు, కాళ్లు లేవు, కన్నులును లేవు. కొమ్మకు అంటుకొని, తానొలికించిన లక్కలో తానే చెఱపడి, ముక్కును బెరడులో దించి బ్రతుకును. దీనిని రెక్కలతో కొలువజాలము, కాళ్లతో కొలువజాలము. అయినను రాక్స్‌బరో దానిని నల్లివంశపు శాఖలోననే పెట్టెను. అది నేటికిని సరియే. పుట్టగానే ప్రాకు పిల్లకు ఆఱు కాళ్లును కలవు, పీల్చు ముక్కును కలదు. ఒక్క వయస్సున, ఒక్క అవయవమును చూచి తీర్పు చెప్పరాదనుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము దొరకదు.

అన్ని యవయవములను కలిపి చూడవలెనని పట్టుపట్టినవాడు ఫ్రాన్సులోని లాత్రేయ్. ఈయన క్రైస్తవ పురోహితుడు. ఫ్రెంచి విప్లవకాలమున, పురోహితులు చేయవలసిన ప్రమాణము చేయనందున 1793లో చెఱలో పడి, బోర్డో నగరపు కారాగృహమున చావునకు ఎదురుచూచుచుండెను. ఖైదీలను పరీక్షింప వచ్చిన వైద్యుడు, ఈయన నేలపై ప్రాకు చిన్న పెంకుపురుగును తదేకదృష్టితో చూచుట కని కారణ మడిగెను. అది మిక్కిలి అరుదైనదని లాత్రేయ్ చెప్పగా, వైద్యుడు దానిని ఆ యూర ప్రకృతిశాస్త్రమునందు అభిరుచి కల యొక బాలుని యొద్దకు పంపెను. ఆ బాలుడు, బోరీ ద సేన్ వాన్సాన్ అనువాడు, లాత్రేయ్ పేరు వినియున్నవాడగుటచే ఆయనను, తోడి ఖైదీ నొకనిని విడిపించెను. మిగిలినవారు నెలతిరుగకముందే చచ్చిరి. ఆ పురుగునకు 1775లో పేరు పెట్టినవాడు మన ఫాబ్రిషియసే. లాత్రేయ్ 1796లో ప్రకటించిన గ్రంథమున రెక్కలు, నోరు, పాదముల కణుపులు, మీసములు అన్నియు కలిపి పరిశీలించి కుటుంబములను కూర్చెను.

అప్పటికి లినేయసు సంత విడిపోసాగెను. లామార్క్ 1801 నాటికి సాలెపురుగును, తేలును కీటకములనుండి వేఱుచేసి ప్రత్యేక వర్గము కల్పించెను. ఎండ్రకాయయు వేఱు పడెను. 1825లో లాత్రేయ్ ఆఱుకాళ్లనే లక్షణముగా పేరు పెట్టెను. తెలుగున చెప్పవలెనన్నచో షట్పదములు. ఇక్కడ ఒక చిన్న ముచ్చట. అమరకోశమున షట్పదము తుమ్మెదకు పేరు. చీమకును ఆఱుకాళ్లే, ఈగకును ఆఱుకాళ్లే. అయినను ఆ పేరు తుమ్మెదయందే నిలిచినది, పంకజమనగా తామరయే యైనట్లు. దీనిని యోగరూఢ మందుము. జెఱ్ఱికి శతపదియను పేరును అమరకోశమున కలదు. కాళ్లు లెక్కించు చూపు మనవారికి ఉన్నది. ఆ లెక్కను తుమ్మెదనుండి తక్కిన జీవులకు ప్రాకింపలేదు. రూఢిని విడిచి యోగార్థమును పట్టుకొన్నంతనే గొప్ప వర్గలక్షణము లభించినది.

డార్విను 1859లో జీవులన్నియు పరంపరగా మాఱుచు వచ్చినవని ప్రకటించిన తరువాత గోత్రము అను మాటకు అక్షరాల అర్థము కలిగెను. 1885లో వియన్నా పండితుడు బ్రౌయర్, పూర్వులనుండియు రెక్కలు లేనివానిని, రెక్కలు కల వంశమున పుట్టి పోగొట్టుకొన్నవానిని వేఱు పఱచెను. పాతపుస్తకములలో పొడి రాల్చుచు పరుగెత్తు వెండిచేపపురుగు మొదటి విధము. పేను, మిన్నల్లి రెండవ విధము. ఆ రెండును తమలో తాము దగ్గఱివి కావు. మిన్నల్లి పిల్ల కాళ్లులేని పురుగై, గూడు కట్టి మాఱును. పేను పిల్ల పుట్టుకనుండియు పేను రూపముననే యుండును.

మఱియొక చెఱసాల కథ ఇచ్చట వచ్చును. ఈగల వర్గమునందు నిపుణుడైన జర్మను పండితుడు విల్లి హెన్నిగ్ 1945లో ఇటలీలో ఆంగ్లేయులకు యుద్ధఖైదీగా చిక్కి, ఆ కాలమున తన సిద్ధాంతమును చిత్తుగా వ్రాసికొనెను. అది 1950లో గ్రంథముగా వెలువడెను. అందఱికి ప్రాతకాలమునుండి వచ్చిన పోలిక చుట్టఱికమునకు సాక్ష్యము కాదు, ఏదో ఒకటి లేకపోవుటయు సాక్ష్యము కాదు. ఒక మూలపురుషునియందు క్రొత్తగా పుట్టి అతని సంతతికి మాత్రమే దక్కిన లక్షణమే సాక్ష్యమని ఆయన మతము. ప్రవర చెప్పుకొనువారికి ఈ మాట సులభముగా బోధపడును. 2014లో అనేక దేశముల శాస్త్రజ్ఞులు కూడి 1,478 జన్యువులను సరిపోల్చి, కీటకవంశము సుమారు 47 కోట్ల 90 లక్షల సంవత్సరముల క్రిందట మొదలైనదని లెక్కగట్టిరి. పేరుపెట్టిన కీటకజాతులే నేడు పదిలక్షల మేర కలవు. అందు మూడవవంతుకు మించి పెంకుపురుగులు. 2002లో ఆఫ్రికాఖండమున క్రొత్త వర్గమే యొకటి బయలుపడెను.

చెదపురుగు సంగతి ముగింపవలసియున్నది. లినేయసు దానిని పేను, సాలెపురుగుల సరసన కూర్చుండబెట్టెను. లోకులు తెల్లచీమ అనిరి. 1832లో బ్రూలే అను ఫ్రెంచి పండితుడు, ఉసిళ్ల నాలుగు రెక్కలును ఒకే కొలతగా నుండుట చూచి, సమపక్షములని స్వతంత్రవర్గముగా స్థాపించెను. ఆ వర్గము 175 సంవత్సరములు గౌరవముతో నిలిచెను. 2007లో జన్యువులను పరిశీలించినవారు దానిని రద్దుచేసి, చెదలను బొద్దింకల వంశమున కలిపిరి. దేహమునందు సాక్ష్యము పూర్వమునుండియు కనబడుచునే యుండెను. ఆస్ట్రేలియాలోని యొక ప్రాచీన చెదజాతి తన గుడ్లను బొద్దింకవలె రెండు వరుసలుగా అతికించి పెట్టును. అమెరికా యడవులలో కుళ్లిన మ్రానులను తొలిచి తిను యొక బొద్దింక కడుపులో, కొయ్యను జీర్ణింపజేయు సూక్ష్మజీవులు చెదపురుగు కడుపులోని వానికి చుట్టములు. ఆ బొద్దింకయు చెదవలెనే పిల్లలతో కూడి మ్రానులో కాపురము చేయును. మన వంటయింటిలో పొయ్యిచాటున దాగు బొద్దింకయు, అటకమీది తాళపత్రములను మట్టిచేయు చెదయు దాయాదులు. చీమతో ఆ చెదకు చుట్టఱికము లేదు.